మూడు ఏడు

అక్క అడిగాక కాదనడం లిసియాతె ఎరగడు. అయినా ఈసారి ఆవిడ అడిగిందేమిటో విన్నాక అతనికి కాసేపు బుర్ర తిరిగింది. యాభై నాలుగేళ్ళ పిసిల, చర్చి పాటబృందాన్ని పదహారేళ్ళుగా నడిపిస్తున్న పిసిల, ఆదివారం టోంగా ఆచారం ప్రకారం నడుముకి అల్లిక చాప చుట్టుకుని వస్తుంటే వీధి మలుపులో కుర్రాళ్ళు సిగరెట్లు వెనక్కి దాచుకునే పిసిల, తన తెల్ల కారు డిక్కీలో పదిహేనంగుళాల వూఫర్ స్పీకరు పెట్టమని కబురు పంపింది.

కబురు మోసుకొచ్చింది అతని భార్య వీకా. విమానాశ్రయం వంటశాలలో పని దిగి, ఇంకా తల మీద వల టోపీ తియ్యకుండానే గ్యారేజీ గుమ్మంలో నిలబడి చెప్పింది.

“ఉన్నదున్నట్టు చెప్పు. ఏమంది?” అన్నాడు లిసియాతె.

“‘మీ ఆయన్ని నా డిక్కీలో పెద్దది పెట్టమను. మూడు ఏడు గట్టిగా తగలాలి.’ ఇంతే అంది వదిన.”

“మూడు ఏడు అనే అందా?”

“రెండుసార్లు అంది. ఎందుకు వదినా అని అడిగా. ‘శుక్రవారం లోపు’ అంది. అడిగిందానికీ చెప్పిందానికీ పొంతన ఉంటేగా! మీ అక్క కదా, ఆగి సరిగ్గా చెప్పమని ఎవరంటారు?”

న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ శివారు మాంగెరెలో మా టోంగా దీవుల వాళ్ళు ముప్ఫై ఏడుని ‘మూడు ఏడు’ అనే అంటారు. బస్సు నంబరైనా ఇంటి నంబరైనా అంకెకి అంకె చదవడమే అలవాటు. ఇక డిక్కీలో స్పీకరు డబ్బాలు కట్టేవాళ్ళకి ముప్ఫై ఏడు మహా ఇష్టమైన అంకె. సెకనుకి ముప్ఫై ఏడు ఊపులు. డబ్బాని అక్కడికి కుదిర్చితే పాట చెవికి వినపడక్కర్లేదు, నేరుగా కడుపులోకి దిగుతుంది. పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్న లిసియాతెకి ఆ అంకె చెవిన పడగానే ఇంకో అర్థం తోచలేదు. పెన్సిలు తీసి ఎండీఎఫ్ చెక్క పలక మీద 37 అని రాసుకున్నాడు. ఈవిడకి ఈ అంకె ఎవరు నేర్పారా అని మాత్రం చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

వెళ్ళి అడగొచ్చు కదా అంటే, మావాళ్ళలో తమ్ముడు అక్కని ఎందుకని అడగడు. అతని పన్నెండో ఏట నుంచి వాళ్ళిద్దరూ ఒకే గదిలో కూర్చుని టీవీ చూసింది లేదు, ఒకే కారు ఎక్కింది లేదు. అక్క ఎదుట పచ్చిమాట రాకూడదు, పచ్చిమాట ఉన్న పాట రాకూడదు, వస్తుందేమోనన్న అనుమానం ఉన్న చోట ఇద్దరూ కలిసి ఉండకూడదు. ఆక్లండ్ వచ్చాక చాలా ఇళ్ళలో ఈ పట్టింపు సడలిపోయింది. వీళ్ళింట్లో సడలలేదు, ఎందుకంటే సడలించాల్సింది పిసిల, పిసిల దేన్నీ సడలించే మనిషి కాదు.

వీకా తెచ్చిపెట్టిన కారు మీద మంగళవారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. డిక్కీలో ఉన్న గొడుగులు, పాటల పుస్తకాల పెట్టె, ముసలివాళ్ళ ఆశ్రమం లాండ్రీలో అక్క వేసుకునే రబ్బరు బూట్లు ఒక్కొక్కటే తీసి గోడవారగా పేర్చాడు. కార్పెట్ ఎత్తి ఇనుము మీద తట్టి చూశాడు. బ్యాటరీ నుంచి బొటనవేలంత లావు ఎర్ర వైరుని ఇంజను గోడలో రబ్బరు కన్నం గుండా లోపలికి దూర్చి, తలుపు గడప కిందుగా వెనక్కి లాక్కొచ్చాడు. ఎక్కడా ఇనుప అంచు వైరుకి తగలకుండా వేలితో తడుముతూ పోయాడు. పలకలు కోసి, అంచులకి జిగురు రాసి, ఇరవై నాలుగు మరలు బిగించి, జిగురు పొంగిన చోటల్లా తడిగుడ్డతో తుడిచాడు. డబ్బా ఊపిరి పీల్చుకునే ప్లాస్టిక్ గొట్టాన్ని చెయ్యెడు పొడవున కోశాడు. గొట్టం ఎంత పొడవుంటే హోరు అంత కిందికి దిగుతుంది. ఆంప్లిఫయర్ మీద కటాఫ్ నాబ్‌ని యాభై దగ్గర పెట్టాడు, అంతకు మించిన స్వరమేదీ వూఫర్‌లోకి పోకుండా.

కుదర్చడానికి అతను మామూలుగా వాడే పాటలన్నీ బూతు పురాణాలు. వాటిలో ఒక్క ముక్క అక్క కార్లో మిగిలిపోయినా కొంప మునుగుతుంది. అందుకని పాటల జోలికే పోకుండా వట్టి హోరు పెట్టి మీటరు చూసుకుంటూ కుదిర్చాడు. ముప్ఫై ఏడు దగ్గర అద్దం వణికింది, నంబరు ప్లేటు గిలగిల్లాడింది, ఎదురింటాయన కిటికీలోంచి ఏదో తిట్టాడు. నంబరు ప్లేటు వెనక నురుగు ముక్క అంటించి, ఇక దీన్ని మించి ఎవడూ కట్టలేడనుకుంటూ లిసియాతె చేతులు కడుక్కున్నాడు.

*

బుధవారం మధ్యాహ్నం పిసిల వచ్చింది. అతను మర్యాదగా గ్యారేజీ గుమ్మం దాకా తప్పుకున్నాడు. ఆవిడ కార్లో కూర్చుని, ఒడిలో ఫోను పెట్టుకుని, వైరు తగిలించి ఏదో పాట పెట్టుకుంది. తలుపులు మూసి ఉన్నా డిక్కీ మూత లేచిపడుతున్నట్టు హోరు బయటికి తెలుస్తోంది. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంది. మూడో నిమిషంలో అద్దం దించింది.

“ఇది దెబ్బ. నాకు దెబ్బ వద్దు. మూడు ఏడు అన్నాను.”

“మూడు ఏడే పెట్టానక్కా. కావాలంటే మీటరు చూడు.”

“లేదు. మూడు లేదు, ఏడు లేదు.”

“ఇంకా గట్టిగా పెంచమంటావా?”

“రేపు సాధన ఏడింటికే. ఆలస్యంగా రాకు. ఆదివారం పాటల సభలో తొమ్మిది చర్చిలవాళ్ళ ముందు మన పరువు నిలబెట్టాలి” అని అద్దం ఎత్తేసుకుంది.

అక్కకి కోపం వచ్చిందనుకున్నాడు లిసియాతె. కారు వెనక్కి తీస్తుంటే ఎడమ ఇండికేటరు వెలుగుతోంది. వీధి చివర కుడివైపు తిరిగేటప్పుడూ ఎడమదే వెలుగుతోంది. లోపల అది టకటకా కొట్టుకుంటూనే ఉండి ఉంటుంది.

“వదినకి వినపడుతోందంటావా?” అంది వెనక నుంచి వీకా, మెల్లగా.

“నీ పని నువ్వు చూసుకో.”

“ఆ లాండ్రీ యంత్రాల మధ్య ఇరవై రెండేళ్ళు. నేను ఆ వంటశాలలో ఎనిమిదేళ్ళకే ‘ఆఁ?’ అంటున్నా.”

“చూసుకోమన్నానా?” అని అతను గయ్యిమన్నాడు. వీకా మాట కొత్తది కాదు, అందుకే అంత కోపం వచ్చింది. ఈస్టరు ముందు నుంచీ అతనికీ అదే అనుమానం. తమ్ముడికి అక్క లోటు కనపడితే కళ్ళు తిప్పుకోవాలి తప్ప వేలెత్తి చూపకూడదు. అతను అదే చేస్తూ వచ్చాడు.

*

గురువారం సాయంత్రం చర్చి హాల్లో సాధన. చెక్క నేల మీద ఎడమవైపు ఆడవాళ్ళ రెండు వరుసలు, కుడివైపు మగవాళ్ళవి రెండు. పాటలో అన్నిటికన్నా ఎత్తు స్వరం ఆడవాళ్ళ పై వరుసది, అన్నిటికన్నా లోతు స్వరం మగవాళ్ళ కింది వరుసది. కింది వరుస గొంతులు ఐదుగురివి, అందులో లిసియాతెది అందరికన్నా లోతు. ఎదురుగా నల్లబల్ల. దాని పక్కన పిసిల, చేతిలో సుద్దముక్క, మొహం నిండా వెలుగు. ఆ చెయ్యి లేస్తే నలభైమంది ఒక్క ఊపిరి తీసుకునేవాళ్ళు, పదహారేళ్ళుగా.

రెండో చరణంలో అది జరిగింది. పై వరుస మధ్యలో నిలబడే లోసలిన్ పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది. ఆవిడ ఇంకొకావిణ్ణి పొడిచింది. పై వరుస మొత్తం గొంతు ఆపేసింది. పెదాలు మాత్రం ఆడుతున్నాయి, కళ్ళు పుస్తకంలో ఉన్నాయి, ఒక్క చప్పుడు లేదు. తల లేని మనిషిలా పాట సగం నుంచి నడుస్తోంది. పిసిల చెయ్యి ఆగలేదు. పై వరుస వైపే తిరిగి, అక్కడ స్వరం ఎక్కాల్సిన చోట వేళ్ళు పైకెత్తి, బాగుంది బాగుంది అన్నట్టు తలాడించి, నవ్వింది.

లిసియాతెకి ఒళ్ళంతా మండింది. పాడటం ఆపలేదు. ఆపితే ఏం చెయ్యాలో తెలియదు. అరిస్తే, ఎందుకు అరిచావని అడుగుతారు. చెప్తే, అక్క లోటు తమ్ముడి నోటి మీదుగానే నలభైమంది ముందు బయటపడుతుంది. కక్కలేక మింగలేక అదే వరుసని పట్టుకుని వేలాడాడు. వెనక బెంచీ మీద పాటబృందం పెద్ద కెలెపి కూర్చుని ఉన్నాడు, చేతులు కట్టుకుని అంతా చూస్తున్నాడు. లోసలిన్ ఆయన కూతురు. చరణం అయిపోయాక పై వరుసలో ఎవరో “చెవిటివాడి ముందు శంఖమే” అన్నారు. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. పిసిల కూడా, వాళ్ళు పాట బాగా కుదిరిందని నవ్వుతున్నారనుకుందేమో, నవ్వింది.

ఆ నవ్వు చూడలేక అతను చూపు నల్లబల్ల మీదికి తిప్పాడు. టోంగా పాటకి సరిగమలు అక్షరాల్లో ఉండవు, అంకెల్లో ఉంటాయి. మూడుతో మొదలై తొమ్మిదితో అవుతాయి. మూడు అంటే స, ఏడు అంటే ప. బల్ల మీద నాలుగు వరుసల అంకెలు తెల్లసుద్దతో ఉన్నాయి. అట్టడుగు వరుసలో మాత్రం ప్రతి మూడు చుట్టూ, ప్రతి ఏడు చుట్టూ పచ్చసుద్దతో సున్న చుట్టి ఉంది.

మూడు, ఏడు.

ముప్ఫై ఏడు కాదు. మూడూ, ఏడూ. చదువు రాకముందే నేర్చుకున్న అంకెలు, స్పీకర్ల పిచ్చిలో పడి చెవి అటే పోయింది. అక్కకి కావాల్సింది కడుపులో దెబ్బ కాదు, కింది వరుస పాట. ఆవిడ ఒంటికి అందేది అదొక్కటే. దాన్ని యాభై దగ్గర కోసిపారేసి, పైగా మీటరు చూడమన్నాడు.

బయట కెలెపి అతన్ని పక్కకి పిలిచాడు. ఆయన గొంతులో కోపమేమీ లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

“చూశావుగా. ఎన్నాళ్ళు నెట్టుకొస్తాం లిసియాతె?”

“ఆడపిల్లల చేత ఆ ఆట ఆడించడం ఏం పెద్దరికం?”

“ఆటా? ఆదివారం తొమ్మిది చర్చిలు నవ్వితే అప్పుడు తెలుస్తుంది ఆటేమిటో. శనివారం పొద్దున పాస్టరు గారిని పిలిచాను. ఆయన ఎదుట పై వరుస ఇలాగే ఆపేస్తుంది. మీ అక్క చెయ్యి ఆగిందా, ఆవిడకి నేను అందరి ముందూ క్షమాపణ చెప్తా. ఆగలేదా, ఆయన కళ్ళతో ఆయనే చూస్తాడు. ఇదంతా వద్దంటావా, నువ్వే చెప్పు ఆవిడకి. మర్యాదగా తప్పుకుంటుంది.”

“నేనెలా చెప్తాను?”

“మరి నేనెలా చెప్పను?” అన్నాడు కెలెపి.

*

శుక్రవారం పొద్దున్న వీకా వెళ్ళి వదిన కారూ ఫోనూ తెచ్చింది. ఫోనులో ఈస్టరు నాటి సాధన ఉంది, పై వరుస ఇంకా నిజంగా పాడుతున్న రోజులది.

డబ్బా బయటికి లాగి గొట్టం ఊడదీశాడు లిసియాతె. నిన్నటిదాకా మురిసిపోయిన గొట్టం. రంపంతో బెత్తెడు మిగిల్చి తక్కింది కోసి పారేశాడు. కింది వరుస ఏడు అరవై ఐదు దగ్గరుంది, మూడు ఎనభై ఏడు దగ్గర. కటాఫ్ నాబ్‌ని నూట ఇరవైకి ఎత్తాడు; పైస్వరాలు ఎలాగూ కారు మామూలు స్పీకర్లలోంచి వస్తాయి. వెనక సీటుకీ డిక్కీకీ మధ్యనున్న అట్ట పీకేసి, వూఫర్ మూతి లోపలికి తిప్పి, డబ్బాని కారు నేలకే నాలుగు బోల్టులతో బిగించాడు, ఊపు సీట్లోకి ఎక్కాలని. వీకాని ముందు సీట్లో కూర్చోబెట్టి పాట పెట్టాడు.

“ఎలా ఉంది?”

“బురదలా ఉంది. ఇంత చెత్త పని నువ్వు ఎప్పుడూ చెయ్యలేదు.”

“మూడుకీ ఏడుకీ తేడా తెలుస్తోందా?”

“చెవులున్నాయి కాబట్టి తెలుస్తోంది.”

ఆ మాటకి అతను ఆగిపోయాడు. లోపలికి వెళ్ళి, రంపం దగ్గర పెట్టుకునే నురుగు బిరడాలు చెవుల్లో కుక్కుకున్నాడు. వాటి మీద ఇయర్‌మఫ్‌లు బిగించాడు. వీకాని దింపి తనే సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు. అద్దం అవతల వీకా ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి. నవ్వుతోందో తిడుతోందో తెలియలేదు. అతనికి ఒక్కసారిగా భయం వేసింది. అక్క ఎన్ని నెలల నుంచి ఇక్కడ కూర్చుని ఉందో అనుకున్నాడు. పొయ్యి మీద నీళ్ళ చప్పుడు లేదు, వాన లేదు, పిలుపు లేదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి, వాళ్ళు నవ్వితే తనూ నవ్వడం.

పాట పెట్టాడు. మొదట అంతా ఒకటే వణుకు. దిగి వెళ్ళి నాబ్ ఒక గీత తిప్పడం, వచ్చి కూర్చోవడం, మళ్ళీ దిగడం. ఊపు ఎక్కువైతే రెండు స్వరాలూ కలిసిపోతున్నాయి, తక్కువైతే ఏడు కరిగిపోతోంది. ఎన్నిసార్లు దిగాడో లెక్కలేదు. మోకాళ్ళు పట్టేశాయి. మధ్యాహ్నం కోడికూర వేసిన చామదుంపలు వీకా తెచ్చిపెట్టిన పళ్ళెంలోనే చల్లారిపోయాయి. గొట్టం అంచుని గరుకు కాగితంతో ఇంకో వేలెడు అరగదీశాడు. మూడింటికి, మొట్టమొదటిసారి, మూడు వీపులో తగిలింది, ఏడు తొడల్లో తగిలింది. వేరువేరుగా, వరసగా. మూడు, మూడు, ఏడు, మూడు. అతను ఇయర్‌మఫ్‌లు తియ్యకుండానే స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు.

తర్వాత కింది వరుసలో మిగతా నలుగురికీ ఫోన్ చేశాడు. అతని ఉపాయం ఒకటే. రేపు పై వరుస గొంతు ఆపిన క్షణాన కింది వరుస కూడా ఆపెయ్యాలి. కింది వరుస అక్క ఒంటికి అలవాటైపోతే, చెక్క నేల మీద అది ఆగిన సంగతి అరికాళ్ళకి తెలుస్తుంది. చెయ్యి ఆగుతుంది. పాస్టరు గారు చూసేది అదే. నలుగురిలో ముగ్గురు వెంటనే సరే అన్నారు. నాలుగోవాడు కెలెపితో గొడవ తనకెందుకని నసిగి, కాసేపయ్యాక తనే మళ్ళీ ఫోన్ చేసి ఒప్పుకున్నాడు.

సాయంత్రం పిసిల వచ్చేసరికి వీకా పనికి వెళ్ళిపోయింది. లిసియాతె గుమ్మం దగ్గరికి తప్పుకోబోయాడు.

“వైరు సరిగ్గా దూరట్లేదు. ఇటు రా. కూర్చో” అంది పిసిల, పక్క సీటు చూపిస్తూ.

అతను కదల్లేదు.

“అక్కని. చెప్తున్నా. కూర్చో.”

నలభై ఏడేళ్ళవాడు, చెప్పులు బయట వదిలి గుళ్ళోకి అడుగుపెట్టినట్టు, అక్క పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. వైరు గుచ్చి పాట పెట్టాడు. పిసిల కళ్ళు మూసుకుంది. ఆవిడ చెయ్యి ఒడిలోంచి దానంతటదే లేచింది.

“మూడు” అంది. “మూడు. ఏడు. మూడు. ఐదు. ఏడు.”

ఒక్కటి తప్పలేదు. కళ్ళు మూసుకునే, మెల్లగా నవ్వుతూ అంది.

“ఏడు దగ్గర ఒకడు వెనకపడుతున్నాడు.”

“నేనే అక్కా” అన్నాడు. తర్వాత గుర్తొచ్చి ఆవిడ మోచెయ్యి పక్కన సీటుని తట్టి, ఆవిడ కళ్ళు తెరిచాక, వేలితో తన గుండె చూపించుకున్నాడు.

“నువ్వేనని తెలుసు. చిన్నప్పుడూ అంతే.”

చరణం అయిపోయింది. ఇంకో చరణం. పిసిల చెయ్యి నెమ్మదించింది, తర్వాత గాలిలోనే నిలిచిపోయింది. ఏదో వెతుకుతున్న మనిషిలా తల కొంచెం పక్కకి వంచింది. పాట ఆపి, అతని పెదాల వంక చూస్తూ అడిగింది.

“ఇందులో పై వరుస పాడుతోందా?”

లిసియాతెకి అనుమానం వచ్చింది. గురువారం ఆట అక్క చెవిన ఎవరైనా వేశారా? లేదు, ఇది ఈస్టరు నాటిది. దీనికి అబద్ధం అక్కర్లేదు. ఆ ఊరటతో గట్టిగా, స్పష్టంగా చెప్పాడు.

“పాడుతోందక్కా. అందరూ పాడుతున్నారు. నిండుగా ఉంది.”

“అందరూనా?”

“అందరూ.”

పిసిల తల ఊపింది. “బాగా చేశావు. రెండూ బాగా తగులుతున్నాయి” అంది. అతను దిగాక కూడా కాసేపు కారు కదల్లేదు. వెళ్ళేటప్పుడు ఇండికేటరు చూసుకుని, చేత్తో తడిమి ఆపింది. లిసియాతె చెత్తబుట్టలో పడేసిన గొట్టం ముక్కని కాలితో లోపలికి తోసి, చాలా రోజుల తర్వాత ఆకలేసి, చల్లారిన కూర మొత్తం నిలబడే తినేశాడు.

*

శనివారం పొద్దున హాల్లో పాస్టరు గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. పక్కన కెలెపి. పై వరుస అనవసరంగా గొంతులు సవరించుకుంటోంది. లోసలిన్ మోచెయ్యి సిద్ధంగా ఉంది. కింది వరుసలో ఐదుగురూ ఒకరినొకరు చూసుకున్నారు.

పిసిల వచ్చింది. నల్లబల్ల ముందు నిలబడి సుద్దముక్క తీసుకుంది. చెయ్యి ఎత్తలేదు.

“పాడే ముందు ఒక మాట” అంది. గొంతు అవసరమైన దానికన్నా పెద్దగా ఉంది. “నాకు చెవులు పోయాయి.”

లోసలిన్ మోచెయ్యి దించేసింది.

“కొద్దిగా తగ్గాయనుకున్నాను. మీరు పాడుతుంటే నాకు నాలుగు వరుసలూ వినపడుతూనే ఉన్నాయి కదా అని ధైర్యం. నిన్న నా తమ్ముడు నా కార్లో స్పీకరు పెట్టాడు. దాంట్లో కింది వరుస ఎంత బాగా తగిలిందంటే, ఎవడు ఎక్కడ వెనకపడ్డాడో కూడా తెలిసింది. అంత బాగా తెలిశాకే, దాని పైన ఏమీ లేదని తెలిసింది. వాణ్ణి అడిగాను, అందరూ పాడుతున్నారా అని. పాడుతున్నారన్నాడు. వాడు నాతో అబద్ధం ఆడడు. ఇన్నాళ్ళూ వినపడింది మీరు కాదు. పాటలన్నీ నాకు కంఠతా వచ్చు కదా, నా బుర్రే పాడుకుంటూ ఉంది. ఒక్క వరుస వినేవాళ్ళు నాలుగు వరుసల్ని నడపకూడదు.”

లిసియాతెకి అప్పుడు అర్థమైంది. వేలెడు వేలెడు అరగదీసి, మోకాళ్ళ మీద పాకి, తన చేతులతో తనే అక్కని ఈ బల్ల దగ్గర నుంచి దింపేశాడు. నిన్న ఒక్క మాట అబద్ధమాడి ఉంటే సరిపోయేది. ‘లేదక్కా, కింది వరుస ఒక్కటే రికార్డయింది’ అని ఉంటే.

పిసిల పై వరుస దగ్గరికి నడిచి లోసలిన్ చేతిలో సుద్దముక్క పెట్టింది.

“నీ అంత బాగా అంకెలు చదివేవాళ్ళు ఇక్కడ లేరు. ఆదివారం నువ్వు నడిపించు.”

“ఆంటీ, నేను…” అంది లోసలిన్.

“ఈస్టరు నుంచి నువ్వు పాడింది ఒక్క ముక్కా నాకు వినపడలేదమ్మా. ఎంత కష్టపడి పాడావో, నేను వినలేకపోయాను. ఏమనుకోకు.”

లోసలిన్ మొహం ఎర్రగా కంది, తర్వాత తెల్లబోయింది. కెలెపి తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. పాస్టరు గారికి ఏమీ తెలియదు కనుక ఆయన ఒక్కరే కళ్ళు తుడుచుకున్నారు. లోసలిన్ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. చెయ్యి ఎత్తింది.

పిసిల హాలుకి అడ్డంగా నడిచి మగవాళ్ళ వైపు వచ్చింది. ఆ వైపు ఏ ఆడమనిషీ నిలబడగా ఎవరూ చూసి ఎరగరు. నేరుగా కింది వరుస వెనక్కి వెళ్ళి, లిసియాతె వీపు మీద అరచెయ్యి ఆనించింది. చిన్నతనం తర్వాత ఆవిడ చెయ్యి అతనికి తగలడం అదే మొదలు. అతను బిగుసుకుపోయాడు.

లోసలిన్ చెయ్యి దిగింది. పాట లేచింది. పై వరుస ఇంతకు ముందెప్పుడూ పాడనంత గట్టిగా, గొంతులు చీరుకుపోయేలా పాడింది, సగంమంది ఏడుస్తూ. లిసియాతె పక్క నుంచి వచ్చిన ఆ హోరులో నోరు తెరిచి మూస్తూ నిలబడ్డాడు. చప్పుడు బయటికి రాలేదు. పుస్తకం వంక చూస్తూ పెదాలు కదిపాడు.

వీపు మీద అరచెయ్యి ఒకసారి తట్టింది.

“నువ్వు పాడట్లేదు” అంది అక్క.

అతను ఊపిరి తీసుకుని పాడాడు.